విప్పే ముందు పరీక్ష చేయాలి

క్లచ్ తొక్కే పనిలేని ఆటోమేటిక్ కార్లు పాతబడి, చేతులు మారి, మన పల్లెలకూ చేరుతున్నాయి. 2014లో మారుతీ సెలెరియోతో ఈ వసతి సామాన్యుడికి అందింది. ఆనాటి బండ్లకు ఇప్పుడు జబ్బులు మొదలయ్యే వయసు.

బండి లాగకపోతే గేరు బాక్సు విప్పడానికి తొందరపడరాదు. సెలెరియో వంటి వాటిలో వుండేది మామూలు గేర్లు, క్లచ్ ప్లేటే. తొక్కే పని మాత్రం యంత్రం చేస్తుంది. ఇంజను రొద పెరిగినా వేగం పెరగక, మాడు వాసన వస్తే ప్లేటు అరిగిందేమో చూడాలి. మిర్చి యార్డు ముందు వరుసలో గంటల తరబడి అంగుళాల లెక్కన జరిపితే ఆ ప్లేటే అరుగుతుంది. బ్యాటరీ నీరసించినా గేరు మొరాయిస్తుంది.

క్లచ్ ప్లేటుకు బదులు ఆయిలు ఒత్తిడితో నడిచే రకమైతే ముందు ఆయిలు చూడాలి. తగ్గితే కారుతున్నట్టు, నల్లబడి మాడు వాసన కొడితే లోపల అరుగుదల వున్నట్టు.

స్కానరు పెట్టి లోపం చదివించి, కారణం కాగితం మీద రాయించుకున్నాకే రైతు సోదరులు ఒప్పుకోవాలి. లేకుంటే ఒక కోత మిరప డబ్బు గేరు బాక్సు పాలే. గుంటూరు, ప్రకాశం జిల్లాల ఐ.టి.ఐ.లు మెకానిక్కు కుర్రాళ్లకు విప్పడం కన్నా ముందు ఈ పరీక్ష నేర్పాలి.