బూట్లు గుర్రం ఖాతాలో రాయండి

వరంగల్‌లో పెళ్లి బరాత్ చూసే ఉంటారు. డీజే, లైట్లు, మధ్యలో తెల్ల గుర్రం. గుర్రం మీద జరీ గుడ్డ మెరుస్తుంది, పెళ్లికొడుకు షేర్వాణీ మెరుస్తుంది, కళ్లెం పట్టుకుని పక్కన నడిచే మనిషి కాళ్లకి మాత్రం హవాయి చెప్పులు. ఎవరూ అటు చూడరు. ఆయన కూడా చూసుకోడు. నా పాయింట్ ఒక్కటే: గుర్రాన్ని సాకేవాళ్లు తమ బూట్లని సొంత ఖర్చు అనుకోవడం మానేసి, దాణా, గడ్డి, నాడాల పక్కన గుర్రం ఖర్చులోనే ఇంకో లైనుగా రాసుకోవాలి.

సీఎస్ఈ వాడికి గుర్రాల గొడవ ఎందుకంటారా? మా గల్లీలో ఒక చాచాకి రెండు గుర్రాలున్నాయి, పెళ్లిళ్లకి తిప్పుతాడు. "కంప్యూటర్ చదువుతున్నవ్ కద బేటా, గట్టి బూట్లు ఎక్కడున్నయో జర ఫోన్ల చూడు" అన్నాడు పోయిన సెలవుల్లో. ఆయన గుర్రాలకి ఆరు వారాలకోసారి నాడాలు మార్పిస్తాడు, ఒక్కసారి కూడా వాయిదా వేయడు. తన చెప్పు తెగితే మాత్రం పిన్నీసు పెట్టి నెల నడిపిస్తాడు. అదేంటి చాచా అంటే, "గుర్రం కుంటితే గిరాకీ పోతది, నేను కుంటితే ఏం పోతది?" అన్నాడు. ఈ లాజిక్‌లో బగ్ ఉంది. చాచా కుంటుతూ ఉంటే అంత గోలలో ఆ గుర్రాన్ని పట్టుకునేది ఎవరు?

కొంచెం లెక్క చూద్దాం. గుర్రం 400 కిలోలు అనుకోండి. దాదాపు 60 శాతం బరువు ముందు కాళ్ల మీదే ఉంటుంది. అంటే ఊరికే నిలబడినా ఒక్కో ముందు గిట్ట మీద 120 కిలోలు. కింద ఇనుప నాడా. ఎవడో పక్కన థౌజండ్‌వాలా పేల్చాడు, గుర్రం బెదిరి ఒక్క అడుగు పక్కకి వేసింది. ఆ అడుగు కింద ఆయన బొటనవేలు ఉంటే? ఇంకోటి, నాడాలు మార్చిన చోట పాత మేకులు పడి ఉంటాయి. ధనుర్వాతం తెచ్చే బ్యాక్టీరియా మట్టిలోనూ ఉంటుంది, గుర్రపు లద్దెలోనూ ఉంటుంది. (లద్దె అంటే గుర్రం పేడ. ఈ మాట చాచా దగ్గరే నేర్చుకున్నా. స్టిరప్‌ని రికాబు అంటారని కూడా.) హవాయి చెప్పులోంచి మేకు దిగడానికి ఎంతసేపు? టీటీ ఇంజెక్షన్ ఎలాగూ వేయించుకోవాల్సిందే, బూట్లు దానికి బదులు కావు.

స్టీల్ టో ఉన్న బూట్లంటే గుర్రాలవాళ్లకి ఒక భయం ఉంది. గుర్రం తొక్కితే స్టీలు వంగి వేళ్లనే కోసేస్తుందట. చాచా కూడా అదే అన్నాడు. కానీ ఐఎస్ 15298 ప్రకారం చేసిన సేఫ్టీ బూట్ల ముందు భాగం 200 జౌళ్ల దెబ్బకి ఆగాలి. 20 కిలోల బరువు సుమారు మీటరు ఎత్తు నుంచి పడ్డట్టు. అలాగే దాదాపు 1,500 కిలోల నొక్కుడు తట్టుకోవాలి. మన గుర్రం మొత్తం బరువే 400. స్టీలు వంగేంత దెబ్బ పడితే ఉత్త చెప్పులో వేళ్ల సంగతి చెప్పక్కర్లేదు. అయితే స్టీలు కాపాడేది వేళ్లనే, పాదం పైభాగాన్ని కాదు. అది గుర్తుండాలి.

ఇక ధర. మనలో ఇంగ్లిష్ నవలలు చదివేవాళ్లకి టెరీ ప్రాచెట్ 'మెన్ ఎట్ ఆర్మ్స్' (1993) తెలిసే ఉంటుంది. అందులో వైమ్స్ అనే కాప్టెన్‌కి ఒక బూట్ల సిద్ధాంతం ఉంది. ఉన్నవాడు 50 డాలర్ల జత కొంటే ఏళ్లకేళ్లు వస్తుంది, లేనివాడు 10 డాలర్ల జతలు కొంటూ కొంటూ చివరికి ఎక్కువ ఖర్చు పెడతాడు. అమోర్టైజ్డ్ కాస్ట్ అన్నమాట, డేటా స్ట్రక్చర్స్ క్లాసులో నిద్రపోనివాళ్లకి తెలుస్తుంది. నేను చాచాతో కూర్చుని ఇదే లెక్క వేశాను. 180 రూపాయల హవాయి ఆయనకి మూడు నెలలు వస్తుంది, అంటే ఏడాదికి 720. 1,500 లెదర్ బూట్లు, మధ్యలో ఒకసారి 300 పెట్టి సోల్ మార్పిస్తే, మూడేళ్లు అనుకున్నాం. ఏడాదికి 600. కొట్టంలో పనికి 450 గంబూట్లు ఏడాదిన్నర, అంటే ఏడాదికి 300. మొత్తం 900. కాబట్టి వైమ్స్ సిద్ధాంతం మా గల్లీలో పూర్తిగా పనిచేయలేదు, మంచి బూట్లే 180 రూపాయలు ఎక్కువయ్యాయి. కానీ ఆ 180తో ఒక గుర్రానికి ఒక్కరోజు దాణా కూడా సరిగ్గా రాదు. అసలు ఇబ్బంది ఒకేసారి 1,950 తీయడం. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, చేతిలో డబ్బులుండవు, కొట్టం నిండా బురద మాత్రం అప్పుడే ఉంటుంది. అందుకే పెళ్లిళ్ల సీజన్ నడుస్తుండగానే కొనాలి.

రెండు జతలు ఎందుకు, ఒకటి చాలదా అంటే చాలదు. గుర్రం మూత్రంలోంచి అమోనియా వస్తుంది, రోజూ అందులో తడిస్తే లెదరూ కుట్లూ పాడవుతాయి. కొట్టం కడగడానికి గంబూట్లు, రోడ్డు మీదకి లెదర్. మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే గంబూట్లు ఎక్కువగా పీవీసీవి, ఒకే అచ్చులో పోస్తారు, బకెట్ నీళ్లు పోస్తే శుభ్రం. లెదర్ తడిస్తే లోపల పేపర్ కుక్కి నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెడితే బిరుసెక్కి పగులుతుంది.

లెదర్ జతలో నేను చూసేది సోల్. చుట్టూ కుట్టు ఉంటే బస్టాండ్ దగ్గర చెప్పులు కుట్టే తాత కొత్త సోల్ వేయగలడు. కొన్నింటికి కుట్టులాగా అచ్చు మాత్రమే వేస్తారు, గోటితో గీరితే దారమో కాదో తెలిసిపోతుంది. ఆఫర్ ఉంది కదా అని రెండు జతలు కొని ఒకటి అటక మీద దాయొద్దు. పీయూ సోల్స్ వాడకపోయినా గాలిలో తేమకి కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతాయి. ఆన్‌లైన్ రేటింగ్స్ కూడా చూశాను. ఫైవ్ స్టార్ ఇచ్చినవాళ్లలో చాలామంది పార్సిల్ వచ్చిన వారంలోపే ఇచ్చేశారు. గట్టిదనం గురించి వారంలో ఏం తెలుస్తుంది బాస్? అందుకే ఒకటి రెండు స్టార్ల రివ్యూలే చదివాను, సోల్ ఊడింది అని ఎన్ని నెలలకి రాశారో చూసుకుంటూ.

స్వారీ చేసేవాళ్ల సంగతి వేరు. దానికి దాదాపు అంగుళం మడమ, నున్నటి సోల్ కావాలి. లేకపోతే పాదం రికాబులోంచి అవతలికి జారి ఇరుక్కుంటుంది, పడితే గుర్రం ఈడ్చుకుపోతుంది. లావుపాటి స్టీల్ టో బూట్లు ఇక్కడ పనికిరావు. వీకెండ్‌లో స్పోర్ట్స్ షూస్ వేసుకుని హార్స్ రైడింగ్ రీల్స్ చేసే మన బ్యాచ్ ఈ పేరా రెండుసార్లు చదవండి.

చాచా గంబూట్లు కొనేశాడు. లెదర్ జతకి వచ్చే ఆదివారం వెళ్తున్నాం. పొద్దున్నే పోదాం అన్నాడు, నేను సాయంత్రం అన్నాను. రోజంతా నిలబడ్డ కాలు కాస్త ఉబ్బి ఉంటుంది, సైజు దానికే చూడాలి.