ఓడ మల్లయ్య, బోడి మల్లయ్య

"తొంభై నిమిషాలే కదా! సార్ట్ బై ప్రైస్ కొట్టు. పైన ఏది కనిపిస్తే అది బుక్ చేసెయ్."

ఇంగ్లండు నుంచి సొంత కారులో ఫ్రాన్స్ వెళ్దామనుకునే తెలుగువాళ్ళకి వచ్చే మొదటి సలహా ఇదే. నాకూ వచ్చింది. ఇచ్చినవాడు నా కొలీగు, మంచివాడు. ట్రిప్పు కోసం అతను తయారుచేసుకున్న ఎక్సెల్ షీట్ చూస్తే ముచ్చటేసింది. షెంగెన్ వీసా అపాయింట్‌మెంట్ తేదీ, ఫ్రెంచి హైవేల మీద టోల్ ఖర్చు, హెడ్‌లైట్లకి అంటించాల్సిన స్టిక్కర్లు, పారిస్‌లో దోసెలు దొరికే చోటు, అన్నీ ఉన్నాయి. ఒక్క హోటల్ కోసం పన్నెండు రివ్యూలు చదివానన్నాడు. ఫెర్రీ అన్న గడిలో మాత్రం ఒకే ఒక్క మాట ఉంది: 'చీపెస్ట్'.

నా గొడవంతా ఆ ఒక్క మాట మీదే.

ముందు లెక్కగానే చూద్దాం. డోవర్ దగ్గర ఛానెల్ చాలా సన్నం, 33 కిలోమీటర్లు. అందుకే డోవర్ నుంచి కలే కి తొంభై నిమిషాలు. అదే డోవర్ నుంచి డంకర్క్ కి రెండు గంటలు. న్యూహేవెన్ నుంచి దియెప్ కి నాలుగు. పోర్ట్స్‌మత్ నుంచి నార్మండీలో విస్త్రెయామ్ రేవుకి సుమారు ఆరు. ఇవేవీ వద్దంటే 1994లో తెరిచిన సొరంగం ఉంది, రైల్లోకి కారెక్కిస్తే 35 నిమిషాల్లో అవతల పడేస్తుంది. ధర ప్రకారం వరస పెడితే చాలాసార్లు కలే పైకొస్తుంది. కానీ కలే నుంచి పారిస్ దాదాపు మూడొందల కిలోమీటర్లు. దియెప్ నుంచి రెండొందల లోపే. నార్మండీ చూడ్డానికి వెళ్తూ కలేలో దిగడమంటే, ఓడ మీద మిగిల్చింది పెట్రోలు బంకులోనూ టోల్ గేట్ దగ్గరా కట్టడమే. సార్ట్ బటన్‌కి ఇవేవీ తెలీవు. దానికి తెలిసింది ఒక్క కాలమే.

సరే, ఇదంతా ఎక్సెల్‌లో ఇంకో నాలుగు గడులు కలిపితే తీరిపోయే సమస్య. అసలు సమస్య వేరే ఉంది. ఆ టికెట్టు చవగ్గా ఎలా వస్తోంది?

ఒకే రేవు నుంచి ఒకే రేవుకి పోయే రెండు ఓడల ఖర్చు తీసుకోండి. నూనె ధర ఇద్దరికీ ఒకటే. రేవు రుసుముల్లో పెద్ద తేడా ఉండదు. నొక్కితే తగ్గే ఖర్చు మనుషులది. అది నొక్కడానికి ఓ పాత ఉపాయం ఉంది: జెండా. ఓడ ఏ దేశంలో రిజిస్టరైతే దాని మీద ముఖ్యంగా ఆ దేశపు చట్టాలే నడుస్తాయి. ఇంగ్లండులో కదిలి ఫ్రాన్స్‌లో ఆగే ఓడ, జీవితంలో ఒక్కసారి కూడా సైప్రస్ వైపు వెళ్ళకపోయినా సైప్రస్ జెండా కట్టుకోవచ్చు. పీ అండ్ ఓ ఫెర్రీస్ 2019లో తన ఛానెల్ ఓడలన్నిటికీ అదే కట్టింది.

2022 మార్చి 17న ఆ కంపెనీ తన ఓడలన్నిటినీ రేవుల్లో ఆపేసింది. ముందే రికార్డు చేసిన వీడియో ఒకటి సిబ్బందికి చూపించింది. మూడు నిమిషాలు కూడా లేదు. మీ ఉద్యోగాలు పోయాయి, ఇవాళే ఆఖరి రోజు, ఇదీ సారాంశం. 786 మంది. వాళ్ళ చోటికి ఏజెన్సీ మనుషులు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. 'అర్జెంట్: ఆల్ హ్యాండ్స్' అని క్యాలెండర్లో హఠాత్తుగా మీటింగ్ మొలిస్తే కడుపులో ఏమవుతుందో మన ఐటీవాళ్ళకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

వారం తిరిగేసరికి కంపెనీ సీఈఓ పీటర్ హెబుల్త్‌వెయిట్ బ్రిటిష్ ఎంపీల ముందు కూర్చున్నాడు. యూనియన్లతో ముందుగా సంప్రదించాలని చట్టం చెప్తోంది, మేం సంప్రదించకూడదనే నిర్ణయించుకున్నాం అని ఒప్పుకున్నాడు. కొత్త సిబ్బందికి సగటున గంటకి 5.50 పౌండ్లు ఇస్తున్నామన్నాడు. ఆ నెలలో బ్రిటన్‌లో పెద్దవాళ్ళ కనీస వేతనం 8.91. అంటే ఓడలో మనకి టీ అందించే మనిషికి, రేవు గేటు దాటాక కాఫీ షాపులో కప్పులు కడిగే మనిషికంటే తక్కువ. ఆగస్టులో ప్రభుత్వ సంస్థ క్రిమినల్ కేసు పెట్టబోమని తేల్చేసింది. 2024 మేలో అదే సీఈఓని ఎంపీలు మళ్ళీ పిలిచి, గంటకి 4.87 పౌండ్లతో నువ్వు బతగ్గలవా అని అడిగితే, లేదు అన్నాడు. ఆ ఒక్క జవాబు మాత్రం నిజాయితీగా చెప్పాడు.

ఒక్క కంపెనీనే విలన్ చేసి మనం చేతులు దులుపుకోవడం కూడా నాకిష్టం లేదు. ఐరిష్ ఫెర్రీస్ ఇలాంటి పనే 2005లో చేసింది: ఐర్లండు సిబ్బందిని దించి, తూర్పు యూరప్ నుంచి తక్కువ జీతాలకి మనుషుల్ని తెచ్చుకుంది. 2021లో అది కూడా డోవర్–కలే మార్గంలోకి వచ్చింది. ఒకడు ధర తగ్గిస్తే పక్కవాడూ తగ్గించక తప్పదు, ఎందుకంటే మనం సార్ట్ బై ప్రైస్ కొడుతున్నాం కాబట్టి. ఆ వీడియో మాట్లాడింది కంపెనీయే. దాని వెనకున్న లెక్కలో మన క్లిక్కులు కూడా ఉన్నాయి.

చవక అంటే ఎప్పుడూ డబ్బే అనుకోకండి. 1987 మార్చి 6న బెల్జియంలోని జేబ్రుగ రేవు నుంచి డోవర్‌కి బయల్దేరిన 'హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్' రేవు దాటిన కొద్ది నిమిషాల్లోనే పక్కకి ఒరిగిపోయింది. 193 మంది చనిపోయారు. కార్లు ఎక్కే ముందు తలుపులు తెరిచే ఉన్నాయి. వాటిని మూయాల్సిన మనిషి తన గదిలో నిద్రపోతున్నాడు. మూశారో లేదో పైనున్న కెప్టెన్‌కి తెలిసే మార్గం లేదు. తలుపుల స్థితి చెప్పే చిన్న లైటు ఒకటి పెట్టించండి అని అంతకుముందే కెప్టెన్లు అడిగితే, కంపెనీ పెద్దలు వెటకారంగా కొట్టిపారేశారు. విచారణ జరిపిన జడ్జి తప్పుని నిద్రపోయినవాడి మీదే వదిలెయ్యలేదు, కంపెనీ పై అంతస్తు దాకా తీసుకెళ్ళాడు. ఆ రోజు ప్రయాణికుల్లో చాలామంది 'ద సన్' పత్రిక ఇచ్చిన ఒక్క పౌండు ఆఫర్ మీద సరదాగా వెళ్ళొస్తున్నవాళ్ళు. ఒక్క పౌండు వల్లే ఓడ మునిగిందని నేననట్లేదు. గబగబా తిప్పాలి, ఖర్చు తగ్గించాలి అన్న తొందర ఓడలోకి ఏ దారిన ఎక్కుతుందో చూడమంటున్నాను. 2022లో కొత్త సిబ్బంది ఎక్కిన కొద్ది రోజులకే తనిఖీ అధికారులు డోవర్లో ఆ కంపెనీ ఓడ 'ప్రైడ్ ఆఫ్ కెంట్'ని ఆపేశారు, లోపాలు సరిదిద్దేదాకా కదలొద్దని.

ఇప్పుడు నా కొలీగు వేసిన ప్రశ్నకొస్తాను. గట్టి ప్రశ్న. "బాస్, ఆ ఏజెన్సీ మనుషుల్లో మనవాళ్ళూ ఉన్నారు కదా? మనం మాత్రం ఇక్కడికెలా వచ్చాం? అక్కడివాళ్ళకంటే తక్కువకి పని చేస్తామనేగా హైదరాబాద్‌కి ప్రాజెక్టులు వచ్చింది? ఆఫ్‌షోర్ అన్న మాట మీద ఇల్లు కట్టుకున్నవాడివి, తెల్ల కళాసీల కోసం ఏడుస్తావేంటి?"

ఈ మాటకి రెండ్రోజులు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది. స్కిల్డ్ వర్కర్ వీసా మీద బ్రిటన్‌కొచ్చిన మనకి చట్టం ఒక జీతం గీత గీసింది. దానికి కింద మనల్ని ఏ కంపెనీ పెట్టుకోలేదు. ఆ గీత ఉండబట్టే పక్క సీట్లో కూర్చున్న ఇంగ్లీషువాడు, నేను తన ఉద్యోగం చవగ్గా కొట్టేశానని నా మొహం మీద అనలేడు. ఓడ మీదికి వెళ్ళిన మనవాడికి ఆ గీత లేదు. ఇది కొత్తగా వచ్చిన అన్యాయమూ కాదు. ఆవిరి ఓడల కాలం నుంచీ లాస్కర్లని, అంటే మన వైపు నుంచి తీసుకెళ్ళిన కళాసీలని, తెల్ల నావికుల జీతంలో చిన్న వాటాకే పనిచేయించారు. 1976లో బ్రిటన్ జాతి వివక్షని నిషేధిస్తూ చట్టం తెచ్చినప్పుడు కూడా, బయటి దేశాల్లో కుదుర్చుకున్న ఓడ సిబ్బందికి తక్కువ ఇవ్వొచ్చని అందులో ఓ మినహాయింపు మిగిల్చారు. కాబట్టి ఇందులో నేను తెల్లవాళ్ళ పక్షం తీసుకుంటున్నదేం లేదు. డోవర్ కళాసీ ఉద్యోగం పీకేసిన చెయ్యే మనవాడి జీతమూ కోస్తోంది. ఇద్దరికీ ఒకే గీత గీస్తే ఆ చెయ్యి ఆగుతుంది.

కిందటిసారి నేనూ చీపెస్టే బుక్ చేశాను. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. కింద కార్ డెక్ మీద పచ్చ జాకెట్టు వేసుకున్న కుర్రాడు మా కారుని ఇంచి ఇంచి ముందుకి రప్పించి ఆపాడు. నాన్న కిందికి దిగి హిందీలో పలకరించారు. నాన్నది నరసాపురం, పంటు మీద గోదావరి దాటేటప్పుడు తాడు వేసే మనిషి పేరడక్కుండా దిగరు. కుర్రాడు నవ్వాడు. వచ్చి నాలుగో నెలన్నాడు. కలే ఎలా ఉంటుంది బాబూ అంటే, "కిటికీలోంచి చూశానండీ" అన్నాడు. ఎన్నిసార్లు దాటి ఉంటావు అంటే లెక్కపెట్టలేదన్నాడు. వెనక కారువాడు హారన్ కొట్టాడు. పైకెళ్ళి మేం చిప్స్ తిన్నాం. మాకు తొంభై నిమిషాలు. అతనికి నాలుగో నెల.

సాహిత్య పత్రికలో ఓడల జీతాల గొడవేంటంటారా? అక్కడికే వస్తున్నా. ఈ పదేళ్ళలో నేను చదివిన తెలుగు యూరప్ యాత్రావ్యాసాల్లో ఛానెల్ దాటడమంటే ఒక వాక్యం. 'తెల్లవారేసరికి ఫ్రాన్స్‌లో ఉన్నాం.' ఆ తర్వాత పదిహేను పేజీలు ఐఫిల్ టవరు, లూవ్ర్, వాన్ గో, రచయిత గారి కళ్ళల్లో నీళ్ళు. మోసుకెళ్ళినవాళ్ళు ఎక్కడా ఉండరు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నారు మనవాళ్ళు. మన యాత్రారచనలో మల్లయ్యకి ఆ మొదటి సగం కూడా దక్కట్లేదు.

ఇలా రాయాలని మనకెవరూ నేర్పలేదు. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీ మజిలీకీ దారెలా ఉంది, ఏటిని ఎలా దాటాం, ఏ ఊళ్ళో ఏం దొరుకుతుంది అన్నది రాసుకుంటూ వెళ్ళాడు. పల్లకీ మోసే బోయీలు ఆ పుస్తకంలో కనిపిస్తారు. ఆయన గొప్ప ప్రజాస్వామికవాది అని నేననను, తన కాలం మనిషే. కానీ ప్రయాణమంటే మోసేవాళ్ళు కూడా అని తెలిసినవాడు. రెండొందల ఏళ్ళ తర్వాత మనం బుకింగ్ రిఫరెన్స్ నంబరు తప్ప ఇంకేం గుర్తుపెట్టుకోవట్లేదు.

మరి ఏ ఓడెక్కాలి? నన్నడిగితే, ముందు ఎక్కడికెళ్తున్నావో దానికి దగ్గరి రేవు చూడు. తర్వాత ఆ ఓడ మీద ఏ జెండా ఉంది, సిబ్బందిని కంపెనీయే పెట్టుకుందా ఏజెన్సీయా అన్నది చూడు. ధర ఆ తర్వాత. నిజంగా డబ్బుకి ఇబ్బందిగా ఉంటే చవకదే ఎక్కు, నిన్ను తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ దోసెల హోటల్‌కి పన్నెండు రివ్యూలు చదివే తీరికున్నవాడు నాకు టైం లేదనకూడదు.

ఈసారి నేను పోర్ట్స్‌మత్–విస్త్రెయామ్ బుక్ చేశాను. బ్రిటనీ ఫెర్రీస్. నలభై పౌండ్ల లోపు ఎక్కువైంది. ఆ కంపెనీ కథ నాకు నచ్చింది: బ్రిటనీ రైతులు తమ కాలీఫ్లవర్లూ ఆర్టిచోకులూ ఇంగ్లండులో అమ్ముకోవడానికి ఏ ఓడ కంపెనీ ముందుకి రాకపోతే, తామే కంపెనీ పెట్టి 1973 జనవరిలో రోస్కాఫ్ నుంచి ప్లిమత్‌కి తొలి ఓడ నడిపారు. ఇప్పటికీ ఫ్రెంచి నావికులే నడుపుతారు, ఫ్రెంచి చట్టం కింద. దాంతో నేను పుణ్యాత్ముణ్ణి అయిపోలేదు. నలభై పౌండ్లతో అంత పుణ్యం రాదు.

చట్టాలు కొంత కదిలాయి. 2023లో ఫ్రాన్స్ తన రేవులకొచ్చే ఫెర్రీల్లో కనీస వేతనం ఇచ్చి తీరాలని చట్టం చేసింది. బ్రిటన్ చట్టం 2024 డిసెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది: ఏడాదికి 120 సార్లు, అంతకుమించి తన రేవులకొచ్చే ఓడల్లో, బ్రిటిష్ జలాల్లో ఉన్నంతసేపూ కనీస వేతనానికి సమానంగా ఇవ్వాలి. ఉన్నంతసేపూ మాత్రమే! ఒకే డెక్ మీద ఒకే తాడు లాగుతున్న మనిషికి సముద్రం మధ్యలో చట్టం మారిపోతుంది. ఇవైనా 786 మంది రోడ్డున పడి, అందరూ అరిచాక వచ్చినవే. టికెట్టు సైటు మాత్రం నేటికీ అరంగుళం కదల్లేదు.

విమానం టికెట్లు వెతికితే ఏ ఫ్లైటు ఎంత కార్బన్ వదుల్తుందో ధర పక్కనే కనిపిస్తోంది ఇప్పుడు. ఫెర్రీ పక్కన జెండా ఏదో, సిబ్బంది ఎవరి కింద పనిచేస్తున్నారో చూపించడానికి ఏం అడ్డం? నేను రోజూ చేసే పని అదే కాబట్టి చెప్తున్నాను, టేబుల్లో రెండు కాలమ్‌లు, అంతే. ఆ కాలమ్‌లు అడుగుదాం. వచ్చేదాకా మన ఎక్సెల్‌లో మనమే కలుపుకుందాం.

నా కొలీగుకి ఇదంతా చెప్పాను. మొత్తం విని, షీట్ తెరిచి, 'చీపెస్ట్' పక్కన ఇంకో గడి కలిపాడు. పైన ఏం పేరు పెట్టాలని అడిగాడు. 'మల్లయ్య' అని పెట్టమన్నాను.