పాతబండికి వేఱొక యింజనా, ఉన్నదానికే మరమ్మతా?

మన సభ్యులలో పలువురు మిరపటిక్కీలను గుంటూరు మార్కెట్టు యార్డునకును, కూరగాయలను దగ్గఱి సంతలకును చేర్చుటకై డీజిలు పికప్పు బండ్లను పోషించుచున్నారు. పండ్రెండు, పదునైదేండ్లు నడచినపిదప ఇంజను అలయుట సహజము. అప్పుడు మిస్త్రీ రెండు మార్గములు చూపును. ఉన్న యింజనును విప్పి, బోరు చేయించి, తిరిగి కట్టుట యొకటి. విజయవాడ ఆటోనగరు వంటి తావులనుండి వాడిన యింజను తెచ్చి బిగించుట రెండవది. రెండవదానికి సాధారణముగా వ్యయము తక్కువ, బండి త్వరగా రోడ్డెక్కును. అయినను మొదటిదే మేలని నా యభిప్రాయము.

కొన్నియేండ్ల క్రిందట మిరపకోతల నడుమ మా బండి చెడగా, తొందరపడి వాడిన యింజనును గొంటిని. అది యెంత తిరిగినదో, ఏల దీయబడినదో అమ్మినవాని మాటయే తప్ప వేఱు సాక్ష్యము లేదు. నాలుగు నెలలు నిండకమున్నే అదియు నూనె త్రాగసాగెను. తుదకు దానిని విప్పింపక తప్పలేదు. రెండు వ్యయములును నా నెత్తిని బడినవి. బాడుగబండ్ల కిచ్చినది వేఱు.

విప్పుటకు ముందు రోగమేదో తెలియవలెను. నీలిపొగ వచ్చినచో ఇంజను నూనె కాలుచున్నదని యర్థము. నల్లపొగ యైనచో గాలి చాలకుండుటయో, డీజిలు ఎక్కువగుటయో కావచ్చును. గాలి ఫిల్టరును, ఇంజెక్టర్లను చూపించిన చాలును. ఈ చిన్నపనికి ఇంజనునే మార్పించినవారిని నేనెఱుగుదును! తెల్లపొగతోబాటు రేడియేటరులో నీరు తఱుగుచున్న యెడల హెడ్డు గాస్కెట్టును అనుమానింపవలెను. ఇంజను తిరుగుచుండగా నూనెపోయు మూత తీసినప్పుడు పొగ బలముగా ఎగదన్నినచో రింగులు, బోరు అరిగినట్లే. అట్టియెడ ప్రతి సిలిండరు కంప్రెషనును కొలిపించి, ఆ లెక్కను కాగితముపై వ్రాయించుకొనవలెను.

బ్లాకు పగిలినను, క్రాంకు షాఫ్టు సాన పట్టుటకు వీలులేనంతగా అరిగినను నా వాదము చెల్లదు. అప్పుడు అదే నమూనా యింజనును, బిల్లుతోను, అది యే బండిదో తెలుపు పత్రములతోను మాత్రమే కొనవలెను. వేఱు నమూనాదైనచో గేరుబాక్సు, మౌంటింగులు, వైరింగు కలియక పని పెరుగును. రిజిస్ట్రేషను పత్రమునందు ఇంజను నంబరు ఉండును గనుక రవాణా కార్యాలయమున తెలిపి క్రొత్త నంబరు ఎక్కించుకొనవలెను. లేనియెడల ఫిట్‌నెస్ తనిఖీలోను, బీమా సొమ్ము కోరునపుడును చిక్కు వచ్చును. చాసిసే త్రుప్పుపట్టి తినివేయబడిన బండికి ఏ యింజనును వలదు, అమ్మివేయుటయే లాభము.

మరమ్మతునకు తగిన కాలము వానాకాలమే. యార్డునకు మిరపరాక తగ్గి, బండి ఖాళీగా నుండును. మిస్త్రీని తొందరపెట్ట నక్కఱయు లేదు. కట్టించిన పిదప తొలి వేయి కిలోమీటర్లు నిండు బరువు వేయక నడిపి, నూనె మార్పించి, అటుపిమ్మట టిక్కీల కెత్తవలెను.