అక్కరకు రాని నకలు

ఫైలుకు నకలు తీయడం కంప్యూటర్ చేసే పనుల్లో అతి తేలికైనది. రెండు మీటలు నొక్కితే లక్ష పేజీలైనా అచ్చుగుద్దినట్టు మరోచోటికి చేరతాయి. అయినా ఈ పని తరచూ విసుగు పుట్టిస్తుంది. నాలుగు గిగాబైట్లు దాటిన వీడియోను పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ స్వీకరించదు. పీడీఎఫ్‌లోని పట్టికను ఎక్సెల్‌లోకి తెస్తే గడులన్నీ కలగాపులగమవుతాయి. పాత తెలుగు ఫాంట్లలో కూర్చిన పాఠాన్ని కాపీ చేసి వేరేచోట అతికిస్తే అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తులు దిగుతాయి. ఇంట్లో ఇవి చిన్న చికాకులు. ప్రజల రికార్డును ప్రజలకు అందించాల్సిన చోట ఇవే ఎదురైతే, సాంకేతిక ఇబ్బందులని సరిపెట్టుకోవచ్చా?

సరిపెట్టుకోరాదనే ఇటీవలి అనుభవం చెబుతోంది. నకలు ఇవ్వబోమని బాహాటంగా చెప్పాల్సిన అవసరం సంస్థలకు చాలాసార్లు రావడం లేదు. ఆలస్యంగా ఇస్తే చాలు. విడగొట్టి ఇస్తే చాలు. వెతకడానికి వీల్లేని రూపంలో ఇస్తే చాలు. చట్టం ప్రకారం ఇచ్చినట్టే ఉంటుంది, అడిగినవారి పని మాత్రం జరగదు.

ఎన్నికల బాండ్ల ఉదంతం ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. ఆ పథకాన్ని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. 2019 ఏప్రిల్ 12 నుంచి కొన్న బాండ్ల వివరాలను మార్చి 6లోగా ఎన్నికల సంఘానికి అందజేయాలని భారతీయ స్టేట్ బ్యాంకును ఆదేశించింది. గడువుకు రెండు రోజుల ముందు బ్యాంకు జూన్ 30 దాకా వ్యవధి కోరింది. అంటే లోక్‌సభ ఎన్నికలు ముగిసేదాకా. కొన్నవారి వివరాలు ఒకచోట, సొమ్ము చేసుకున్న పార్టీల వివరాలు మరోచోట ఉన్నాయనీ, 22,217 బాండ్లకు సంబంధించి 44,434 సమాచార అంశాలను సరిపోల్చాల్సి ఉంటుందనీ దాని వాదన. మార్చి 11న రాజ్యాంగ ధర్మాసనం ఈ వినతిని తోసిపుచ్చింది. సరిపోల్చమని తాను అడగలేదని గుర్తుచేసింది. మరుసటి రోజే వివరాలు పెన్‌డ్రైవ్‌లో రెండు పీడీఎఫ్ ఫైళ్లుగా వెళ్లాయి. ఉన్నది ఉన్నట్టు ఇవ్వడానికి ఒక్కరోజు సరిపోయింది.

కానీ మార్చి 14న ప్రచురితమైన ఆ జాబితాల్లో బాండ్ల సంఖ్యలు లేవు. ఎవరు ఎంతకు కొన్నారో, ఏ పార్టీ ఎంత పొందిందో తెలిసింది గానీ, ఎవరి డబ్బు ఎవరికి చేరిందో తెలియలేదు. కోర్టు మరోసారి కల్పించుకున్నాక 21న ఆ సంఖ్యలు వెలువడ్డాయి. వాటి ఆధారంగా పాత్రికేయులూ, పౌరులూ సాధారణ కంప్యూటర్ల మీదనే రెండు జాబితాలను కలపగలిగారు. పట్టికలో ఒక్క నిలువు వరస లేకపోవడమే అంతవరకూ రహస్యాన్ని కాపాడింది.

ఓటర్ల జాబితాల పరిస్థితి ఇంకో తీరు. జాబితా అందరికీ దొరుకుతుంది. అయితే వెబ్‌సైట్లలో ఉంచేది పుటల బొమ్మలు. మనిషి కంటికి అక్షరాలు కనిపిస్తాయి, కంప్యూటర్‌కు మాత్రం అది ఫొటోయే. ఒకే వ్యక్తి పేరు రెండు పోలింగ్ కేంద్రాల్లో ఉందా, ఒకే ఇంటి నంబరు మీద ఎంతమంది నమోదయ్యారు అన్నవి వెతకదగిన ఫైలులో నిమిషాల మీద తేలే ప్రశ్నలు. బొమ్మల్లో అయితే వందల మంది కూర్చుని పుటలు తిరగేయాలి. అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌ను ఆశ్రయిస్తే, వత్తులూ గుణింతాలూ ఉన్న మన లిపుల్లో అది చేసే తప్పులను మళ్లీ మనుషులే దిద్దాలి. వెతకదగిన రూపంలో జాబితాలు ఇప్పించాలని కాంగ్రెస్ నేత కమల్‌నాథ్ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో కొట్టివేసింది. కావాలంటే పిటిషనరే శ్రమపడి ఆ రూపంలోకి మార్చుకోవచ్చని అభిప్రాయపడింది.

2025 ఆగస్టులో బెంగళూరులోని మహదేవపుర ఓటర్ల జాబితాపై రాహుల్ గాంధీ ఆరోపణలు చేసినప్పుడు ఈ ప్రశ్న మళ్లీ తెరపైకి వచ్చింది. ఆరోపణల్లో నిజమెంతన్నది వేరే చర్చ. అవి నిజమైతే నిరూపించడానికీ, అబద్ధమైతే తిప్పికొట్టడానికీ కావలసింది ఒకటే: వెతకడానికి వీలైన నకలు.

నకలు చేతికొచ్చినా, దాన్ని నమ్మించడం మరో యాతన. 2014 మహారాష్ట్ర శాసనసభ ఎన్నికల్లో జాల్నా నుంచి గెలిచిన అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ నామినేషన్ గడువు దాటాక దాఖలైందని ప్రత్యర్థి కైలాస్ గోరంట్యాల్ కోర్టుకెక్కారు. రిటర్నింగ్ అధికారి కార్యాలయంలో తీసిన వీడియో అందులో కీలకం. అధికారులు సీడీలు ఇచ్చారు. అవి అసలు రికార్డుకు నకళ్లేనని సాక్ష్య చట్టం 65బి సెక్షన్ కోరే ధ్రువపత్రాన్ని మాత్రం, ఎంత అడిగినా ఇవ్వలేదు. 2020 జులై 14న సుప్రీంకోర్టు ధ్రువపత్రం తప్పనిసరని స్పష్టం చేస్తూనే, దానికోసం చేయగలిగినదంతా చేసిన వ్యక్తికి అది లేదన్న కారణంతో అన్యాయం జరగనివ్వలేదు. ఎన్నిక చెల్లదన్న హైకోర్టు తీర్పు నిలిచింది. అప్పటికి ఆ శాసనసభ కాలమే ముగిసి, కొత్త సభ కొలువుదీరింది.

వెతకదగిన ఫైళ్లను దుర్వినియోగం చేస్తారనీ, మార్పులు చేసి ప్రచారంలో పెడతారనీ ఎన్నికల సంఘం వైపు వారి అభ్యంతరం. ఓటర్ల గోప్యత విషయంలో ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కోట్ల పేర్లూ చిరునామాలూ ఒక్క మీటతో వ్యాపారుల పాలుకావడం ఎవరికీ క్షేమం కాదు. కానీ బొమ్మల రూపం ఆపుతున్నది ఎవరిని? డబ్బున్న పార్టీలూ, సంస్థలూ ఎలాగూ ఆ బొమ్మలను అక్షరాలుగా మార్చుకోగలవు. చేయలేనిది సామాన్య పౌరుడు, చిన్న పత్రిక, స్వతంత్ర అభ్యర్థి. అడిగినవారి వివరాలు నమోదు చేసుకుని ఇవ్వడం, దుర్వినియోగానికి శిక్ష విధించడం అంతకంటే న్యాయమైన మార్గం.

మార్పుల భయానికి పరిష్కారం చట్టంలోనే ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఫైలు హ్యాష్ విలువను పేర్కొనాలి. ఒక్క అక్షరం మారినా పూర్తిగా మారిపోయే ముద్ర అది. కోర్టుకు వచ్చే పౌరుడి నుంచి రాజ్యం కోరుతున్న ఈ ముద్రను రాజ్యం కూడా తాను ప్రచురించే ప్రతి జాబితా పక్కన వేస్తే, అసలేదో నకిలీ ఏదో ఎవరైనా క్షణాల్లో తేల్చుకోగలరు.

సమాచారం కంప్యూటర్‌లో ఉంటే ఎలక్ట్రానిక్ రూపంలో పొందే హక్కును 2005 నాటి సమాచార హక్కు చట్టమే గుర్తించింది. అయినా ఆచరణ పాలకుల చిత్తాన్ని బట్టి నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో ప్రభుత్వ ఉత్తర్వులను అందరికీ కనిపించే వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేశారు. ప్రభుత్వం మారాక 2024 ఆగస్టులో మళ్లీ మొదలుపెట్టారు. ఇష్టమైనప్పుడు తెరిచి, కష్టమైనప్పుడు మూసే తలుపును హక్కు అనలేం. ఏ రికార్డును ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో, ఏ ధ్రువీకరణతో ఇవ్వాలో నియమావళిలో రాయాలి. తెలుగులో వెలువడే ప్రతి పత్రమూ యూనికోడ్‌లో ఉండాలి. భూమి కాగితాల నకలు కోసం తాలూకా కచేరీ చుట్టూ తిరిగిన రైతు వారసులను, ఇప్పుడు ఓటు కాగితాల కోసం వెబ్‌సైట్ల చుట్టూ తిప్పడాన్ని డిజిటల్ పాలన అని పిలవకూడదు.