ఆ ఒంటికి అసలు సొంతదారు

స్టెఫెనీ మేయర్ 2008లో వెలువరించిన 'ది హోస్ట్' నవలలో, పరగ్రహ జీవులను మనుషుల మెడ వెనక గాటు పెట్టి లోపలికి ఎక్కిస్తారు. వాటిలో ఒకటైన, ఎన్నో గ్రహాల మీద బతికి వచ్చిన వాండరర్‌కు మెలనీ అనే యువతి శరీరం దక్కుతుంది. కళ్లు తెరవకముందే ఆ జీవిని ముంచెత్తేది మెలనీ చివరి జ్ఞాపకం, ప్రాణభయంతో తీసిన పరుగు. ఆపైన మెలనీ ప్రేమించిన జారెడ్ మీద తనకే బెంగ మొదలవుతుంది. ఇలాంటి పరాయి మనసుల పాత్రలు తలకెత్తుకుని, ఇద్దరు ముగ్గురు వంతులవారీగా కథ అల్లుకునే రోల్‌ప్లేను చాలామంది పిల్లలాట కింద కొట్టిపారేస్తారు. మేం దాన్ని సాహిత్య సాధనగానే చూస్తాం. ఆ సాధన పండాలంటే మాత్రం ఒంటి సొంతదారు గొంతు వినబడి తీరాలి.

గుండె దడనూ వణుకునూ మనసు గుర్తించడమే భయమని మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1884లోనే వాదించాడు. ఆ వాదాన్ని పూర్తిగా ఒప్పుకోనక్కర్లేదు గానీ, ఈ ఆటకు అది చక్కటి పనిముట్టు. దుఃఖమంటే తెలియని జీవికి గొంతులో ఏదో అడ్డం పడుతుంది, కళ్లలోంచి ఉప్పునీళ్లు కారుతాయి, ఎందుకో అంతుపట్టదు. 'బాధపడింది' అని ఒక్క మాటతో తప్పించుకునే వీలు రాసేవాళ్లకు లేదు. అయితే ఆ గొంతు ఎవరిది? ఇద్దరు ఒకే శరీరాన్ని ఆడుతున్నప్పుడు చెయ్యి ఎత్తేదీ దించేదీ వచ్చి చేరిన జీవి. సొంతదారుకు మిగిలేది లోపలి మాట ఒక్కటే. దానికి జవాబివ్వకుండా కొత్త ప్రేమను వర్ణించుకుంటూ పోతే ఆ కథ దొంగసొమ్ముతో కట్టిన మేడే. ఆటలో ఇంత విచారణ పెడితే సరదా ఏం మిగులుతుందని అడుగుతారు. కానీ నవలలో జారెడ్ ముద్దుపెట్టుకుంటే లోపల మెలనీ రగిలిపోతుంది గనకే ఆ ఘట్టం రక్తికట్టింది.

పరకాయప్రవేశం మనకు కొత్తా, అక్కడ లేని పట్టింపు ఇక్కడెందుకన్నది మరో ప్రశ్న. వాదంలో ఉభయభారతి కామశాస్త్రంపై వేసిన ప్రశ్నలకు జవాబు కోసం ఆది శంకరుడు అమరుక మహారాజు శరీరంలో ప్రవేశించాడని గాథ. రాజు అప్పటికే చనిపోయాడు, అందుకే అతని అనుమతి ప్రస్తావన రాలేదు. (రాణుల సమ్మతి మాటేమిటన్నది వేరే చర్చ, అదీ జరగాల్సిందే.) మెలనీ అలా కాదు, బతికే ఉంది, ఎదురు మాట్లాడుతూనే ఉంది. చివరికి వాండరర్ ఆ శరీరాన్ని ఆమెకే వదిలి తప్పుకుంటుంది. ఆత్మీయులు వాండరర్‌ను పోనివ్వక, సొంత మనసు తిరిగిరాని ఒక అమ్మాయి ఒంట్లో చేరుస్తారు. అంటే మేయర్ కూడా అమరుకుడి గాథ దారే పట్టింది. కానీ ఆ అమ్మాయి మనసును తుడిచిపెట్టింది వాండరర్ జాతే. నవల అక్కడ ఎక్కువసేపు నిలవలేదు. ఆ అమ్మాయి వైపు నుంచి ఎవరైనా ఆట మొదలుపెడితే చదవాలని ఉంది.