ఆటల లోకములో గాలివార్తలు

నిప్పు లేనిదే పొగ రాదని మన పెద్ద లందురు. కాని కంప్యూటరు ఆటల లోకమున నిప్పు లేకయే పొగ లేచుచుండును. రాబోవు ఆటలో ఫలానా వీరుడు కలడనియు, ఫలానా దినమున అది విడుదల యగుననియు నెవరో కల్పించిన బొమ్మలు ఇంటింట ఫోనులలో తిరుగుచుండగా, మన పిల్లలు అన్నము మాని వానినిగూర్చి వాదించుకొందురు. ఆటలను నిర్మించువారు ఈ వదంతుల నెట్లు ఎదుర్కొందురో సోదరీమణులకు మనవి చేయుచున్నాము.

మొదటి యుపాయము మౌనము. 2018 అక్టోబరులో నింటెండో వారి సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ అను ఆటలో చేరబోవు వీరులదని యొక చిత్రము బయలుదేరెను. పలువురు నమ్మిరి. నవంబరు 1వ తేదీని సంస్థవారి ప్రకటన వెలువడగానే అది కల్పితమని తేలిపోయెను. ఒక వదంతిని కాదన్నచో, కాదనని వదంతులన్నియు నిజములేయని జనులు తలతురు. అందుచే వేళ వచ్చువరకు నోరు మెదపకుండుటయే వారికి మేలు.

రెండవది, నిజమైనపుడు దాచకుండుట. 2022 సెప్టెంబరులో గ్రాండ్ థెఫ్ట్ ఆటో ఆరవ ఆట దృశ్యములు సుమారు 90 దొంగిలింపబడి బయటపడగా, రాక్‌స్టార్ సంస్థవారు మరునాడే అది నిజమని యొప్పుకొనిరి. 2023 డిసెంబరు 4న దాని ప్రచారచిత్రము ముందుగా పొక్కగా, మరునాటివరకు ఆగక తామే విడుదల చేసిరి.

మూడవది హాస్యము. డయాబ్లో అను ఆటలో ఆవును పలుమారులు నొక్కినచో రహస్యలోకము తెరచుకొనునని పుకారు పుట్టెను. బ్లిజార్డ్ వారు 1998లో స్టార్‌క్రాఫ్ట్ అను ఆటలో 'ఆవుల లోకము లేదు' అను వాక్యమునే రహస్యసంకేతముగా నుంచిరి. 2000లో వచ్చిన రెండవ డయాబ్లోలో నిజముగనే ఆవుల లోకమును నిర్మించి చూపిరి!

నవ్వు అటుండనిండు. విడుదల కాని ఆటను ముందే యిత్తుమని యాశచూపి, యంత్రములలో దొంగ సరకును చొప్పించువారు కలరు. ఇంటి బ్యాంకు వ్యవహారములు నడచు ఫోనే పిల్లల చేతి యాటవస్తువు గదా! కావున బిడ్డ 'అమ్మా, కొత్త ఆట దొరికినది' అని పరుగెత్తివచ్చినపుడు కసరుకొనక, 'చేసినవారే చెప్పిరా?' అని యొక్క ప్రశ్న యడుగుడు. వారు చెప్పువరకు దేనిని దింపుకొనవలదనియు, పైకము కట్టవలదనియు నచ్చజెప్పుడు. ఇరుగుపొరుగుల గుసగుసలు మన చెవిని పడినపుడు మనమును ఈ ప్రశ్నయే వేసికొందుము గాక.