ముందే దాచిపెట్టుకున్న సాకు

పరీక్ష ముందు రాత్రి సెకండ్ షో చూసొచ్చి, పొద్దున "ఏమీ చదవలేదురా" అని గొప్పగా చెప్పుకోని వాళ్ళు మనలో ఎందరు? నేనైతే చెప్పుకున్నవాణ్ణే.

మొదటి సెమిస్టరులో కెమిస్ట్రీలో అనుకోకుండా మంచి మార్కులొచ్చాయి. ఊరంతా మెచ్చుకుంది. భయం అప్పుడే పట్టుకుంది. ఈసారి చదివి కూడా తప్పితే? చదవకుండా తప్పితే తెలివికి మచ్చ రాదు కదా!

1978లో అమెరికాలో బెర్గ్లాస్, జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొందరు విద్యార్థులకు జవాబే లేని ప్రశ్నలిచ్చి, "భేషుగ్గా చేశారు" అన్నారు. మళ్ళీ పరీక్షకు ముందు రెండు మందులు చూపారు. ఒకటి బుద్ధిని చురుకు చేసేది, రెండోది మందగింపజేసేది. మగపిల్లల్లో ఎక్కువమంది రెండోదే కోరుకున్నారు! (ఆడపిల్లల్లో ఇది కనబడలేదట. మా క్లాసులోనూ అంతే.)

మా ఫీజు ఆర్మూరు పసుపు పైసలు. తొమ్మిది నెలల పంట. తవ్వి, ఉడకబెట్టి, కొమ్ము విరిస్తే టక్కుమనేదాకా ఎండబెట్టాలె. ధర పడిపోతదేమోనని పచ్చిగానే మార్కెట్టుకు తోలితే, తేమ పేరు చెప్పి ఇంకా కోస్తరు. ఆ కల్లంలోనే బాపుకు నిజం చెప్పిన. సినిమా సంగతి, భయం సంగతి, తప్పిన పేపరు సంగతి.

పసుపు తిరగేసుకుంటనే, "తెల్వంది సారునడుగు, సిగ్గెందుకురా?" అన్నడు.

ఇప్పుడు పాత ప్రశ్నపత్రాలు రాసి మా లెక్చరరు గారికి చూపిస్తున్నాను. మొదటిసారి పదింట్లో ఆరు తప్పులు. ఆ రాత్రి కూడా అన్నం సహించింది.